సన్నానికీ లావుకీ నడుమ

కడుపులో పగ పెట్టుకుని ఎండాకాలం గడపడం ఎంత హాయిగా ఉంటుందో ఎవరూ చెప్పరు. నాకు ఆ ఏడు తెలిసింది. మామిడికాయ ముక్కలు కోస్తున్నా, ఎండుమిర్చి తొడిమలు తీస్తున్నా లోపల ఒకటే మాట తిరుగుతుండేది. ఆగు బావా, నీ పని చెప్తా, ఇంకొన్నాళ్ళు ఆగు.

బావంటే క్రాంతికుమార్. మా అమ్మ ఇన్నమ్మకు సొంత అన్న కొడుకు. హైదరాబాదులో డిజైన్ కంపెనీ నడుపుతాడు. వాడి మీద పగ ఎందుకో చెప్పాలంటే ముందు మా నాన్న అక్షరాల గురించి చెప్పాలి. లేకపోతే నన్ను ఒట్టి గయ్యాళి అనుకుంటారు. గయ్యాళినే, అది వేరే సంగతి.

మాది దమ్మపేట. మా నాన్న ఏసయ్య బోర్డులు రాసేవాడు. ఇటు కల్లూరు నుంచి అటు మణుగూరు దాకా బడి గోడలు, ఎరువుల దుకాణాలు, చర్చి కమాన్లు, అడవి లోపలి ఊళ్ళలో దోమతెరల ప్రచారపు గోడలు, అన్నిటి మీదా ఆయన కుంచె తిరిగింది. ఆయన అక్షరానికి సోకులుండవు. మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం గీత, నున్నటి పొట్ట, పైన తలకట్టు మాత్రం కొంచెం లేచి పక్కవాడిని పలకరిస్తున్నట్టు ఉంటుంది. ఆ తలకట్టు చూసి పామాయిల్ గెలల ట్రాక్టర్లు తోలేవాళ్ళు కూడా 'ఏసన్న రాత' అనేవాళ్ళు. కింద పేరు రాసుకోవాల్సిన అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు.

ఫ్లెక్సులు వచ్చి ఆయన పనిలో సగం తినేశాయి. మిగతా సగం పక్షవాతం తినేసింది. నోరు ఒక పక్కకు పోయింది, కుడిచెయ్యి ఒళ్ళోంచి లేవదు. నేను హైదరాబాదులో ఫాంట్లు గీసే ఉద్యోగం చేస్తుండేదాన్ని. నాన్నకు అలా అయ్యాక లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాను, పని ఇక్కడి నుంచే. చలి తగ్గుతున్న రోజుల్లో ఒకనాడు ఆయన పాత గోడల ఫోటోలు తీసుకొచ్చి, వాటిని ఫాంట్ చేస్తానని ఆయన ముందు కూర్చున్నాను.

"ఒక సన్నక్షరం గీస్త, ఒక లావక్షరం గీస్త నాన్నా. నడుమ ఉన్నయన్ని అదే పుట్టిస్తది. ఇరుకు చేస్తే ఇరుకైతది, సాగదీస్తే సాగుతది. ఫోన్‌ల పడ్తది, లారీ మీద గూడ పడ్తది. వేరియబుల్ ఫాంట్ అంటరు."

"అంటే గోడ ఎంతుంటే అక్షరం గంత."

"అవ్."

"మంచిగున్నది. నిచ్చెన ఎక్కే బాధ గూడ లేదు," అని నాన్న నవ్వాడు. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ రోజు నుంచి ఇల్లు ఇల్లులా లేదు. నేను గీయడం, ఆయన కుర్చీలో కూర్చుని తప్పులు పట్టడం. "జ పొట్ట తగ్గియ్యి, పెండ్లిల తిన్నోని లెక్క ఉన్నది." "మ తోక గంత సాపొద్దు." "గా ళ నాది కాదు, ఎవనిదో." అమ్మ అన్నం పెట్టి పిలిచినా ఇద్దరం కదిలేవాళ్ళం కాదు. తెలుగుకు ఒత్తులూ గుణింతాలూ కలిపితే ఎన్ని గీయాలో ఆ పని చేసినవాళ్ళకే తెలుసు.

అందులో ఒక కిటుకుంది. సన్నక్షరం చుట్టూ చుక్కలు పెట్టి గీత కడతాం. లావక్షరానికీ అలాగే. రెండిటి చుక్కలూ ఒకే వరసలో, ఒకదానికొకటి జతగా ఉండాలి. ఎక్కడన్నా జత తప్పితే సన్నదీ బాగానే కనిపిస్తుంది, లావుదీ బాగానే కనిపిస్తుంది. నడుమ మందంలో మాత్రం అక్షరం పొట్టకు సొట్ట పడుతుంది. అన్ని అక్షరాలకూ ఆ జతలు సరిచూడటమే అసలు చాకిరీ.

"దీనికి పేరేం పెడ్తవ్?" అని నాన్న అడిగాడు ఒకనాడు.

"ఏసయ్య."

"దేవుని పేరనుకుంటరు బిడ్డా."

"అయితే ఏసన్న."

ఆయన ఆ సాయంత్రం కర్ర పట్టుకుని సెంటర్లో లచ్చయ్య టీ కొట్టు దాకా నడిచి, అక్కడున్న వాళ్ళందరికీ చెప్పి వచ్చాడు. ఇక నిచ్చెన ఎక్కకపోయినా తన పేరు గోడల మీద ఉంటుందని చెప్పాడట. నిచ్చెన పట్టుకుని ఆయన వెంట ఊళ్ళు తిరిగిన లచ్చయ్య ఆ పూట అందరికీ ఊరికే టీ పోశాడు.

ఈస్టరుకు బావ వచ్చాడు. వాళ్ళ నాన్న షాలేమ్‌రాజు మామయ్యది మా పక్క వీధే. మామయ్య సంఘపెద్ద, ఆరాధనలో పాస్టరుగారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి. బావ మా ఇంట్లో కోడికూర తిని, లాప్‌టాప్ ముందు కూర్చుని, అక్షరాన్ని సన్నం నుంచి లావుకూ, లావు నుంచి సన్నానికీ అరగంట సేపు లాగి లాగి చూశాడు.

"జెస్సీ, ఇది మామూలు పని కాదే. పెద్ద కంపెనీలకు చూపిస్త. ఏసయ్య మామయ్య పేరు దేశమంతా తెలుస్తది. ఫైల్ ఇయ్యి."

"ఇంకా పనున్నది బావా."

"చూపియ్యనీకే గదా."

నేను నసిగాను. అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టింది. "బయటోడా ఏంది? ఇయ్యి." ఆమెకు నన్ను వాడికిచ్చి చేయాలని చిన్నప్పటి నుంచి ఆశ. నాన్న కూడా తల ఊపాడు. ఇచ్చాను.

మే నెల ఎండలో పిడుగు పడ్డట్టు ఆ వార్త నా ఫోన్లోనే వచ్చింది. రంగురంగుల బొమ్మ. 'క్రాంతి సాన్స్. ఎక్కడైనా ఇమిడే సరికొత్త తెలుగు అక్షరం. రూపకల్పన: క్రాంతికుమార్.' కింద మా నాన్న జ, మా నాన్న మ, మా నాన్న తలకట్టు. వందల మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాన్నకు చూపించకుండా ఉండాల్సింది, కానీ నా మొహం చూసే ఆయన ఫోన్ అడిగాడు. చూశాడు. కళ్ళు చికిలించి మళ్ళీ పైనుంచి చూశాడు.

"మన పేరు ఏడున్నది?"

"లేదు నాన్నా."

ఫోన్ నా చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత టీ కొట్టుకు పోవడం మానేశాడు. నలుగురికీ చెప్పుకున్న మాటాయె, ఏ మొహం పెట్టుకుని పోతాడు?

అమ్మ కొంగు నడుముకు దోపుకుని అన్న ఇంటికి పోయింది, వెనకే నేను. మామయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని పుచ్చకాయ తింటున్నాడు.

"అన్నా, గిదేం పని? ఆయన పేరు పెడ్తనని తీస్కపోయిండు గదా పిలగాడు."

"అక్షరాలేమన్న మీ ఇంటి కోడిపిల్లలా ఇన్నమ్మా, కాలికి గుడ్డ కట్టి మాయి అననీకి?" మామయ్య గింజ ఊశాడు. "అ ఆలు అందరియి. కంపెనీ వానిది, వాని పేరు పెట్టుకున్నడు. మన పిలగాడు పైకొస్తుంటే సంతోషపడాలె గాని."

నాకు ఆ పుచ్చకాయ ఆయన నెత్తిన కొట్టాలనిపించింది. కొట్టలేదు. నోరు మూసుకుని ఇంటికొచ్చి, నా దగ్గరున్న ఫైల్ తెరిచి మిగిలిన పని మొదలుపెట్టాను. ప్రతి అక్షరానికీ జతలు సరిచూశాను. ఎవరి కోసం చేస్తున్నానో తెలియదు, కానీ నాన్న అక్షరం నా దగ్గరన్నా నిండుగా ఉండాలి. అప్పుడే తెలిసింది, వాడు పట్టుకుపోయిన దాంట్లో సగం అక్షరాలకు నడుమ మందంలో సొట్టలున్నాయని.

వారం తిరక్కుండా బావే ఫోన్ చేశాడు. ఏమీ జరగనట్టు, తేనె పూసిన గొంతుతో.

"జెస్సీ, కోపమా? నెక్స్ట్ వెర్షన్‌ల మామయ్య పేరు పక్కా పెట్టిస్త. ఇగో, పెద్ద ఆర్డర్ వచ్చింది. తిరుపతి గారని బట్టల షోరూములాయన, ఖమ్మం నుంచి మణుగూరు దాకా బ్రాంచీలు తెరుస్తున్నడు. హోర్డింగులన్ని మన ఫాంట్‌లనే. నడుమ మందం వాడుతున్నం. అయన్ని సరిచూసినవ్ గదా నువ్వు? మా ఆఫీసుల తెలుగు సదివే దిక్కు లేదు."

ఎంత ధైర్యం! దొంగిలించిన గొడ్డు పాలిస్తుందా అని గొడ్డు కలవాళ్ళనే అడిగినట్టు. వాడి లెక్కలో నేను మరదల్ని. మరదలు అలుగుతుంది, ఏడుస్తుంది, అబద్ధం మాత్రం చెప్పదు. పెరట్లో అమ్మ బట్టలు ఆరేస్తోంది. నాన్న కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"అవ్ బావా, అన్ని చూసిన," అన్నాను.

"థాంక్స్ రా," అని పెట్టేశాడు.

ఇక చూడండి నా సంతోషం. చిన్న తెర మీద ఆ సొట్ట వెంట్రుకంత, ఎవరికీ ఆనదు. ఇంటి ఎత్తు హోర్డింగు మీదకెక్కితే పిడికిలి పట్టేంత. జూన్ మొదట్లో హోర్డింగులు లేవగానే, పనేదో ఉందని చెప్పి సత్తుపల్లి బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను. 'మీ ఇంటి పండుగకు మా పట్టు' అని పెద్ద అక్షరాలు. మ పొట్ట కారు గుద్దిన రేకు డబ్బాలా లోపలికి పోయింది. ప నడుము విరిగింది. టకారం కింద ఒత్తు ఎండిన చింతకాయలా మెలి తిరిగింది. పక్కసీటు ఆవిడ "గివేం అక్షరాలమ్మా, వాన పడ్డదా ఏంది వాటి మీద" అంది. ఆమెకు నా చేతిలో ఉన్న పల్లీల పొట్లం మొత్తం ఇచ్చేశాను.

షోరూము తెరిచిన రోజు తిరుపతి గారు వచ్చిన పెద్దల ముందే బావను కడిగేశాడని తెలిసింది. బావ నాకు ఫోన్ మీద ఫోన్. నేను ఎత్తలేదు. బంగినపల్లి పండు కోసి, టెంక దాకా చీకి, చేతులు కడుక్కుని, ఆ మోగుతున్న ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాను. ఎంత తీపో ఆ పండు!

ఆ తీపి నాకు దక్కలేదు. మూడో నాడు దమ్మపేట సెంటర్లోనూ అప్పటికే అచ్చయిపోయిన హోర్డింగు లేచింది, సరిగ్గా లచ్చయ్య టీ కొట్టు ఎదురుగా. సాయంత్రానికి లచ్చయ్య అరటిపళ్ళు, బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని మా ఇంటికొచ్చాడు, దవాఖానాలో రోగిని చూడవచ్చినట్టు.

"ఏసన్నా, గీ పరిస్థితిల గా పని ఎందుకు ఒప్పుకున్నవే?"

"ఏం పని?"

"దాస్తవేందే. నీ తలకట్టు నాకు తెల్వదా? నిచ్చెన పట్టినోన్ని. చెయ్యి వణికింది, కొట్టొచ్చినట్టు కనబడ్తున్నది. సెంటర్ల అందరు గదే అంటున్నరు. జర బాగైనంక రాయకపోదువా." లచ్చయ్యకు ఏడుపొచ్చింది.

కింద ఎవరి పేరున్నా ఊరికి ఆ అక్షరాలు ఏసన్నవే. నేను కోరుకున్నదీ అదే కదా! సొట్టలు కూడా ఏసన్నవే అవుతాయని మాత్రం నా బుర్రకు తట్టలేదు. నాన్న కర్ర తీసుకుని సెంటరుకు పోయి చూసి వచ్చాడు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు రవికుమార్ గారు ప్రార్థన మనవులు చదివారు. "మన సహోదరుడు ఏసయ్యగారు బలహీనతలో కూడా పనిచేస్తూ ఎంత బాధపడుతున్నారో రోడ్డు మీద ఆ రాత చూస్తేనే అర్థమవుతుంది. ప్రభువు ఆయన కుడిచేతిని ముట్టి బాగుచేయాలని అందరం లేచి ప్రార్థిద్దాం." సంఘమంతా లేచింది. మగవాళ్ళ వైపు నాన్న కర్ర ఆనుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. ముందు కుర్చీలో మామయ్య, ఏమీ తెలియనివాడిలా కళ్ళు మూసుకుని, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద నా ఒళ్ళంతా మండిపోయింది.

ఇంటికొచ్చాక నాన్న చెప్పులు కూడా విడవలేదు.

"నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకే."

"వాడు అడిగిండా?"

"అడిగిండు. మంచిగున్నయని చెప్పిన."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "సక్కటియి నీ తాన ఉన్నయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "వాన్ని పిలువు."

బావ మర్నాడే కారేసుకుని వచ్చాడు. గడ్డం మాసి, చొక్కా చెమటకు తడిసి. "నా బిజినెస్ మునుగుతది జెస్సీ. తిరుపతి గారు కేసు వేస్తనంటున్నడు. సరిజేసిన ఫైల్ ఇయ్యి. నీ కాళ్ళు మొక్కుత."

కాళ్ళు నాకెందుకు? ఒక తెల్లకాయితం, పెన్సిలు తెచ్చి వాడి ముందు పెట్టాను. "నువ్వే కదా బావా రూపకల్పన. ఒక్క మ రాయి, మా అమ్మ చూస్తది."

"జెస్సీ, ఆటలా ఇప్పుడు?"

"రాయి."

రాశాడు. ఒకటో తరగతి పిల్లలు నయం. తలకట్టు మీసంలా వచ్చింది. అమ్మ ఆ కాయితాన్నీ, మేనల్లుడి మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ఆమె ఆశ అక్కడే చచ్చిపోయింది, నేను కళ్ళారా చూశాను, నాకు జాలి వేయలేదు.

"పేరు మార్చు, ఫైల్ ఇస్త," అన్నాను.

"ఇప్పుడు మారదు. కంపెనీ కాయితాలన్ని నా పేరు మీదనే అయినయి. నెక్స్ట్..."

"ఇయ్యి బిడ్డా," అన్నాడు నాన్న కుర్చీలోంచి.

"నాన్నా!"

"ఊరంత నా చెయ్యి సూసి ఏడుస్తున్నరు. ముందు గది ఆపు. పేరు సంగతి తర్వాత."

తర్వాత ఏముంది, బొంద! ఏడుస్తూ ఇచ్చాను. వాడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, అమ్మ పెట్టిన మంచినీళ్ళు కూడా తాగకుండా కారెక్కాడు. నా పగంతా నా చేత్తోనే తుడిచేసుకున్నట్టయింది.

తొలకరి పడే వేళకు హోర్డింగులన్నీ మారిపోయాయి. నున్నటి పొట్టలు, లేచిన తలకట్లు. ఊరు సంబరపడింది. లచ్చయ్య మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి "చెయ్యి వచ్చిందే ఏసన్నా!" అని కేక పెట్టాడు. నాన్న కాదనలేదు, అవుననలేదు.

ఆ ఆదివారం పాస్టరుగారు వెలిగిపోతూ లేచారు. "మనం చేసిన ప్రార్థన ప్రభువు ఆలకించాడు. ఏసయ్యగారి చేతి పని మీరంతా చూశారు. ఆయన వచ్చి కృతజ్ఞతా సాక్ష్యం చెబుతారు." సంఘం చప్పట్లు కొట్టింది, మామయ్య కూడా కొట్టాడు. నాన్న కర్ర అమ్మకిచ్చి, తడబడుతూ ముందుకు పోయాడు. మైకు పాస్టరుగారే పట్టుకున్నారు.

"సంఘానికి వందనాలు," అన్నాడు నాన్న. ఎడమచేత్తో కుడిచెయ్యి ఎత్తి అందరికీ చూపించి వదిలేశాడు. అది కింద పడింది. "సూసిండ్రు గదా. బాగుకాలే. గా బోర్డులు నేను రాయలే."

చప్పట్లు ఆగిపోయాయి.

"అక్షరాలు మాత్రం నాయే. నా గోడల మీదియి. కంప్యూటర్ల గీసింది నా బిడ్డ జెస్సికా. తీస్కపోయి పేరు పెట్టుకున్నది గీ షాలేమ్‌రాజు కొడుకు." మామయ్య వైపు తిరగనైనా తిరగలేదు. "మొన్న సొట్టలు పడ్డది నా చెయ్యి వణికి కాదు. నా బిడ్డకు తెల్సి, చెప్పక ఊకున్నది. కావాల్ననే. పగతోటి. నా పరువు పోతదని సూసుకోలే. మల్ల నేను సెప్తె బాగుజేసింది గూడ ఆమెనే."

పాస్టరుగారు మైకు వెనక్కి తీసుకోబోయారు. నాన్న ఎడమచెయ్యి దాన్ని గట్టిగా పట్టుకుంది.

"కృతజ్ఞత సెప్పాల్నంటే ఆమెకు సెప్పుండ్రి. తిట్టాల్నన్నా ఆమెనే తిట్టుండ్రి. రెండిటికి ఆమె పేరే. ఆమెన్."

మామయ్య బైబిలు చంకన పెట్టుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. అన్న వెనకాలే అమ్మ లేస్తుందనుకున్నాను. లేవలేదు, నాన్న కర్రను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆ తర్వాత ఆమె ఏనాడూ అన్న గడప తొక్కలేదు. నాన్న ఆ రోజు నన్ను మెచ్చుకున్నాడో, నా మీదా కక్ష తీర్చుకున్నాడో ఈ రోజు వరకూ నేను అడగలేదు.

మగవాళ్ళ వైపూ ఆడవాళ్ళ వైపూ ఉన్న తలలన్నీ నా వైపు తిరిగాయి. తల దించుకోవడం మర్యాదని తెలుసు. చున్నీ సర్దుకుని, వెనక వరసల వాళ్ళకు కూడా కనపడేట్టు లేచి నిలబడ్డాను.